జీడి ఫ్యాక్టరీ లెక్కలకి ఎక్సెల్ మాక్రో రాయించుకున్నా, ఎక్సెల్ నోరు మూయించాక ఏం జరిగిందంటే

ముందే చెప్పేస్తున్నా, ఆ మాక్రో రాసిన షాపుకి 5 కి 3.5. మొదటి వారంలో అడిగుంటే కళ్ళు మూసుకుని 5 ఇచ్చేద్దును, మూడో వారంలో అడిగుంటే ఒకటి కూడా ఇవ్వకపోదును, ఇప్పుడు కోపం చల్లారాక రాస్తున్నా కాబట్టి ఇదే నికరమైన మార్కు. షాపు పేరు మాత్రం రాయను. శ్రీకాకుళం టౌన్లో ఏడు రోడ్ల జంక్షన్ నుంచి నడిచి వెళ్ళేంత దూరం, కంప్యూటర్ రిపేర్లు, జీఎస్టీ పనులు, ఎవరైనా అడిగితే ఎక్సెల్‌లో మాక్రోలు (ఒక బటన్ నొక్కితే పనంతా దానంతటదే అయిపోయేలా రాసే కోడ్) రాసిపెట్టడం, ఇదీ వాళ్ళ బతుకు. పేరు ఎందుకు రాయనంటే జరిగిన దాంట్లో సగం తప్పు నాదే, అది ఒప్పుకోడానికి నాకే పది రోజులు పట్టింది.

నేను పలాసలో ఒక జీడి ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తాను. పెద్ద ఫ్యాక్టరీ ఏం కాదు. పిక్కలు 80 కేజీల బస్తాల్లో వస్తాయి, ఉడకబెట్టడం, కోత, ఆరబెట్టడం, పొట్టు తీయడం, గ్రేడింగ్. పొట్టు తీసే ఆడోళ్ళకి కేజీ లెక్కన కూలి. గ్రేడింగ్‌లో 240 ఎంత, 320 ఎంత (పౌండుకి 300 నుంచి 320 జీడి గుళ్ళు తూగితే అది 320, గుండు చిన్నదయ్యేకొద్దీ నంబరు పెరుగుతాది, కొత్తగా కొనేవాళ్ళు ఉల్టా అనుకుని 320 పెద్దది ఇవ్వండి అంటారు), బద్దలెంత, ముక్కలెంత, అన్నీ వేరే వేరే ఫైళ్ళు. సాయంత్రం 6 ఫైళ్ళు తెరిచి, అన్నీ ఒక పెద్ద ఫైల్లోకి ఎక్కించి, కూలి షీటు తీసి షావుకారు గారికి చూపించాలి.

పని గంటే గానీ ఆ గంటలో ఎక్సెల్ అడిగే ప్రశ్నలు చూస్తే కొత్త కోడల్ని అడిగే అత్తగారు నయం. ఫైలు తెరవగానే లింకులు అప్‌డేట్ చెయ్యమంటావా. కాటా దగ్గర్నుంచి వచ్చే ఫైలు తెరిస్తే దీని పేరు ఒకటి లోపల సరుకు ఇంకోటి, నమ్మి తెరుస్తావా. క్లిప్‌బోర్డులో చాలా ఉంది ఉంచమంటావా. ఈ షీటు తీసేస్తే మళ్ళీ రాదు సరేనా. ఆ పేరుతో ఫైలు ఆల్రెడీ ఉంది మార్చెయ్యమంటావా. మూసేటప్పుడు సేవ్ చెయ్యమంటావా వద్దంటావా. ఒకరోజు లెక్కపెట్టాను, 27 సార్లు అడిగింది. 20 దాటాక మనం చదవం, చెయ్యి ఎంటర్ మీద దానంతటదే పడిపోతాది, అది ఇంకా ప్రమాదం.

షావుకారు గారే అన్నారు, "ఎవరో కుర్రోళ్ళు మిషన్లో బటన్ పెట్టేస్తారంట కదమ్మా, ఓసారి ఎల్లి కనుక్కో" అని. ఒక ఆదివారం పెన్‌డ్రైవ్ పట్టుకుని రైలెక్కా. శ్రీకాకుళం రోడ్ అంటారు గానీ ఆ స్టేషను ఉన్నది ఆమదాలవలసలో, అక్కణ్ణుంచి టౌన్‌కి మళ్ళీ ఇంకో బండి, తెలియని వాళ్ళు గుర్తుపెట్టుకోండి.

కుర్రాడు చురుకైనోడు, అది మాత్రం ఒప్పుకోవాలి. 4,000 అన్నాడు, 3,500 కి వచ్చాడు. రెండున్నర గంటల్లో నా 6 ఫైళ్ళూ చూసి, ఏది ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోవాలో అడిగి రాసుకుని, బటన్ పెట్టేసాడు. మరి ఈ పాపప్‌లు, అదే ఈ అడిగే డబ్బాలు, ఏం చేస్తావు బాబూ అంటే కోడ్ మొదట్లో ఒక లైను టైపు చేసి చూపించాడు, అప్లికేషన్ డాట్ డిస్‌ప్లేఅలర్ట్స్ ఈక్వల్ టు ఫాల్స్. "అంతే అక్కా, ఇంక నోరెత్తదు" అన్నాడు. నిజంగానే నోరెత్తలేదు. గంట పని 4 నిమిషాలకి వచ్చేసింది. షావుకారు గారి టీ చల్లారకుండా కూలి షీటు టేబుల్ మీద ఉండేది. పది రోజులు నేను మహారాణిని.

ఒక చిన్న తలనొప్పి మాత్రం మొదటిరోజే వచ్చింది, ఫైలు వాట్సాప్‌లో కూడా పంపాడు కదా అని దాన్ని దించుకుని తెరిస్తే పైన ఎర్ర పట్టీ, మాక్రోలు బ్లాక్ చేసాం అని. 2022 నుంచి ఇంటర్నెట్ మీంచి వచ్చిన ఫైళ్ళలో మాక్రోలని ఆఫీస్ అలా ఆపేస్తోంది, దాన్ని ఏ మాక్రో కూడా ఆపలేదు, ఎందుకంటే మాక్రో నడవడానికే తలుపు తియ్యలేదు కదా. ఫైలు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, కింద అన్‌బ్లాక్ అని టిక్కు, అయిపోయింది. ఎవరు పంపారో తెలిసిన ఫైలుకే చెయ్యండి అది.

ఇంక అసలు కథ. శనివారం కూలి పంచే రోజు. మాక్రో తీసిన వారం షీట్లో నేను చేత్తో అడ్వాన్సులు ఎక్కిస్తాను, ఫలానామెకి ఆస్పత్రి ఖర్చుకి 500, ఫలానామెకి పిల్ల ఫీజుకి 1,000, అలా 43 మందివి. ఆ రోజు మధ్యాహ్నానికే ఎక్కించి, సేవ్ చేసి, ఫైలు మూసి, అన్నానికి వెళ్ళాను. వచ్చాక కాటా ఫైల్లో ఒక బస్తా తేడా సరిచేసి, బటన్ ఇంకోసారి నొక్కాను. నాలుగు నిమిషాలు, కిక్కురుమనలేదు. ప్రింటు తీసి షావుకారు గారికి ఇస్తే ఆయన వేలు పెట్టి "ఇదేటమ్మా, ఈవిడకి అడ్వాన్సు ఇచ్చాం కదా, ఇక్కడ సున్నా ఉందేటి" అన్నారు. ఓలమ్మో. 43 మందివీ సున్నాలే. మాక్రో కొత్త ఫైలు తయారుచేసి అదే పేరుతో పాతదాని మీద సేవ్ చేసి పారేసింది. రీసైకిల్ బిన్లో వెతికాను, లేదు, పైన రాసేసిన ఫైలు బిన్‌లోకి ఎందుకొస్తుంది. బయట ఆడోళ్ళు సంచులు పట్టుకుని నిలబడి ఉన్నారు. చేతి చిట్టా ఉంది కాబట్టి బతికాను, గంటన్నర కూర్చుని మళ్ళీ ఎక్కించాను. ఆ చిట్టా మానెయ్యమని మాక్రో వచ్చిన వారమే షావుకారు గారు అన్నారు, నేనే అలవాటు కొద్దీ మానలేదు.

మామూలుగా అయితే ఎక్సెల్ అడిగేది, ఈ పేరుతో ఫైలు ఉంది, మార్చెయ్యమంటావా అని. ఆ డబ్బాలో ముందుగా వెలుగుతూ ఉండేది 'నో' బటను. అంటే నేను ఏమరుపాటుగా ఎంటర్ కొట్టినా ఏం అయ్యేది కాదు. సోమవారం ఫోన్లో కుర్రాణ్ణి దులిపేసాను. వాడు కూడా "అలర్ట్ ఆపితే అది డిఫాల్ట్ బటనే నొక్కుతాది అక్కా, నో అవ్వాలి మరి" అన్నాడు. మళ్ళీ ఆదివారం వెళ్ళాను, ఇద్దరం కూర్చుని మైక్రోసాఫ్ట్ వాళ్ళ డాక్యుమెంటేషన్ తీసి చదివాం. అక్కడ స్పష్టంగా రాసుంది. అలర్ట్‌లు ఆపేస్తే అడగాల్సిన చోట ఎక్సెల్ డిఫాల్ట్ జవాబు తనే ఎంచుకుంటుంది, కానీ సేవ్‌యాజ్‌లో పాత ఫైలు మీద రాసే ప్రశ్నకి మాత్రం డిఫాల్ట్ నో అయినా ఎక్సెల్ ఎస్ అని ఎంచుకుంటుంది. మిగతా వాటికి ఒక రూలు, దీనికి దాని ఉల్టా రూలు. కుర్రాడి మొహం చూడాలి అప్పుడు.

అప్పుడు అర్థమైంది నాకు. మనం అడగడం మాన్పించాం గానీ ప్రశ్న ఎక్కడికీ పోలేదు, మన బదులు జవాబు ఎవరో చెప్తున్నారు, ఏం చెప్తున్నారో మనం కనుక్కోలేదు. వాడు చెప్పలేదు, నేనూ అడగలేదు. అందుకే సగం తప్పు నాది అన్నాను.

ఇక్కణ్ణుంచి కుర్రాడికి మార్కులు పెరిగాయి. డబ్బులు అడక్కుండా మొత్తం కోడ్ మళ్ళీ పట్టాడు, పాపప్ పాపప్‌కీ కూర్చుని "దీనికి నీ జవాబు ఏటి అక్కా" అని అడిగి రాసాడు. నాకు కోడ్ రాదు గానీ అది చూస్తుంటే బాగా అర్థమైంది, మీక్కూడా పనికొస్తుందని చెప్తున్నా.

మూసేటప్పుడు అడిగేది అన్నిటికంటే సులువు. క్లోజ్ అన్న చోటే సేవ్‌ఛేంజెస్ ట్రూ నా ఫాల్స్ నా రాసేస్తే ఎక్సెల్‌కి అడగాల్సిన అవసరమే రాదు. ఇది రాయకుండా ఉత్తి అలర్ట్‌లు ఆపేసి క్లోజ్ అంటే మార్పులు సేవ్ చెయ్యకుండా మూసేస్తుంది. నా 6 ఫైళ్ళూ చదవడానికే తెరుస్తాం కాబట్టి ఫాల్స్, పైగా రీడ్‌ఓన్లీ అని తెరవమన్నాడు, పక్క సిస్టంలో ఎవరైనా అదే ఫైలు తెరిచి ఉన్నా గొడవ లేదు.

క్లిప్‌బోర్డ్ గోల కూడా అంతే, పేస్టు అయ్యాక కట్‌కాపీమోడ్ ఫాల్స్ అని ఒక ముక్క, సరి.

షీటు తీసెయ్యడానికి మాత్రం అలర్ట్ ఆపాల్సిందే, వేరే దారి లేదు. కానీ మొదట్లో వాడు రాసింది యాక్టివ్‌షీట్ డిలీట్ అని. అంటే ఆ క్షణాన ముందు ఏ షీటు ఉంటే అది పోతాది, అడగకుండా, అన్‌డూ లేకుండా. పది రోజులు నా అదృష్టం బాగుండి సరైన షీటే ముందు ఉంది. ఇప్పుడు షీటు పేరు రాసి తీస్తున్నాడు, ఆ డిలీట్ లైనుకి ముందు ఫాల్స్, వెంటనే కింద లైనులో ట్రూ. మొదట్లో పెట్టి చివరిదాకా వదిలేసే పద్ధతి మానేసాడు. కరెంటు పని చేసేటప్పుడు ఆ ఒక్క స్విచ్చు ఆపుతాం గానీ ఊరంతా ఫ్యూజు తీసేస్తామా.

లింకులది పెద్ద చర్చే నడిచింది. కూలి రేట్లు షావుకారు గారి పెన్‌డ్రైవ్‌లో ఉన్న ఫైల్లో ఉంటాయి, నా ఫైలు అక్కణ్ణుంచి తెచ్చుకుంటుంది. కుర్రాడు మొదట ఆస్క్‌టుఅప్‌డేట్‌లింక్స్ ఫాల్స్ అని రాసాడు, అడగవద్దు అంటే అప్‌డేట్ చెయ్యవద్దు అనే అర్థం అనుకున్నాడు పాపం. కాదు, అడక్కుండా అప్‌డేట్ చేసెయ్యి అని దానర్థం. నా అదృష్టం కొద్దీ నాకు కావాల్సింది కూడా అదే. కానీ అదృష్టం మీద కూలి లెక్కలు నడపలేం కదా, అందుకని ఓపెన్ లైన్లోనే అప్‌డేట్‌లింక్స్ అని పెట్టి దాని పక్కన 3 అని వేసాడు, అంటే తెచ్చుకో అని. 0 వేస్తే తేవద్దు, పాత విలువలే ఉండనీ అని. మరి షావుకారు గారు పెన్‌డ్రైవ్ ఊడదీసి జేబులో వేసుకుని వెళ్ళిపోతే? (వెళ్తారు, తరచుగా.) రేట్ల ఫైలు అక్కడ లేకపోతే అడిగే నోరు కూడా మూసేసాం కాబట్టి పాత రేట్లతోనే చప్పుడు లేకుండా కూలి కట్టేస్తాది. అందుకని ముందు ఆ ఫైలు ఉందా లేదా అని చూసి, లేకపోతే అక్కడే ఆగిపొమ్మని రాయించాను. ఇది నా ఐడియానే, రాసిపెట్టుకోండి.

కాటా ఫైలు సంగతి తమాషా. పేరు చివర ఎక్స్‌ఎల్‌ఎస్ అని ఉంటాది, కుర్రాడు దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూపిస్తే లోపల అంతా వెబ్ పేజీ టేబులు. చాలా సాఫ్ట్‌వేర్లు అలాగే చేస్తాయంట, టేబుల్ రాసేసి చివర ఎక్సెల్ పేరు తగిలిస్తాయి, ఎక్సెల్ తెరుస్తాది గానీ ముందు అనుమానంగా అడుగుతాది. దీనికి కూడా తెరిచే లైను చుట్టూ ఫాల్స్, ట్రూ. మా కాటా ఫైలు అని తెలుసు కాబట్టి పర్లేదు, బయటి నుంచి వచ్చిన ఏ ఫైలుకైనా ఇలా చెయ్యడం మంచిది కాదన్నాడు.

రెండో పని ఇంకోటి ఉంది, రాత్రి పని. షావుకారు గారికి బటన్ నొక్కడం కూడా ఎక్కువైపోయింది, రాత్రి 9:30 కి దానంతటదే అయిపోవాలన్నారు. 1,500 తీసుకుని ఎక్సెల్‌ని బయటి నుంచి నడిపే చిన్న వీబీస్క్రిప్ట్ ఫైలు రాసి, చెప్పిన టైముకి పని మొదలెట్టే టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టాడు. మర్నాడు పొద్దున్న వచ్చి చూస్తే రిపోర్టు లేదు, సిస్టం మాత్రం నత్తలా ఉంది. టాస్క్ మేనేజర్ తెరిస్తే ఎక్సెల్ కనపడకుండా వెనకాల నడుస్తోంది, రాత్రంతా. ఏదో అడుగుతోంది, కనపడని కిటికీలో, ఎవరూ లేని గదిలో. అదేంటంటే మా దగ్గర ముందు పనిచేసిన అకౌంటెంటు ఒక ఫైల్లో, తెరవగానే శుభోదయం చెప్పే మెసేజ్‌బాక్స్ పెట్టి వెళ్ళాడు. డిస్‌ప్లేఅలర్ట్స్ ఆపేది ఎక్సెల్ సొంతంగా అడిగేవాటినే, ఎవరైనా కోడ్ రాసి పెట్టిన మెసేజ్‌బాక్స్ దాని మాట వినదు. పగలు చేత్తో నొక్కినప్పుడు అలవాటుగా ఓకే కొట్టేస్తాం కాబట్టి, నోరెత్తడం లేదనుకున్న రోజుల్లో కూడా అది వస్తోందని తెలియలేదు. దానికి మందు ఎనేబుల్‌ఈవెంట్స్ ఫాల్స్, ఫైలు తెరిచినప్పుడు అందులోని కోడ్ లేవకుండా. ఆటోమేషన్‌సెక్యూరిటీ అని ఇంకోటి ఉంది, దానికి 3 ఇస్తే స్క్రిప్టు తెరిచే ఫైళ్ళలో మాక్రోలే నడవవు. రెండూ పెట్టాడు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఎక్సెల్ లోపల రాసిన మాక్రోలో అయితే డిస్‌ప్లేఅలర్ట్స్ మనం మర్చిపోయినా పని అయ్యాక ఎక్సెల్లే ట్రూ చేసేసుకుంటుంది. బయటి నుంచి స్క్రిప్టుతో ఆపితే అలా చేసుకోదు, మనమే మళ్ళీ పెట్టాలి. ఎనేబుల్‌ఈవెంట్స్ అయితే లోపలైనా బయటైనా దానంతటది తిరిగి రాదు. ఒకరోజు మాక్రో మధ్యలో ఎర్రర్ వచ్చి ఆగిపోయింది, తర్వాత గ్రేడింగ్ షీట్లో తూకం వెయ్యగానే పక్కన దానంతటదే టైము పడేది (అదీ ఈవెంట్ మీదే నడిచేది) పడటం మానేసింది, ఏటైందో తెలియక మౌసు మార్చాను. నవ్వకండి. ఎక్సెల్ మొత్తం మూసి తెరిస్తే వచ్చింది. ఇప్పుడు ఎర్రర్ వచ్చినా చివరికి వెళ్ళి అన్నీ ట్రూ చేసి పొమ్మని రాసాడు.

రాత్రి పని గురించి నా అభిప్రాయం అయితే, చేయించుకోవద్దు. మైక్రోసాఫ్ట్ వాళ్ళే చెప్తున్నారు, ఎదురుగా మనిషి లేకుండా ఆఫీస్ ప్రోగ్రాములని నడపడం మేం రికమెండ్ చెయ్యం అని, ఇలా కిటికీ వచ్చి కూర్చుంటే నొక్కేవాడు ఉండడు అనేది అందులో ఒక కారణం. అది ముందే చెప్పి ఉంటే 1,500 మిగిలేవి, 1 మార్కు అక్కడ కోసేసాను. ఎక్సెల్ తెరవకుండానే ఫైలు చదివే లైబ్రరీలు పైథాన్ అనే ఇంకో కోడ్ భాషలో ఉన్నాయంట, ఓపెన్‌పైఎక్సెల్ అని ఒకటి, తెరిచేదే లేకపోతే పాపప్ వచ్చేదే లేదు, కానీ అది మా కాటా వాళ్ళ దొంగ ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైలు తీసుకోదు. కాటా కుర్రాడితో మాట్లాడాలి. మిగతా అర మార్కు ఎందుకు కోసానంటే ఫోను, రాత్రి 7 దాటితే ఎత్తడు, మా కూలి లెక్కలు మొదలయ్యేదే అప్పుడు.

చివరికి ఆ ఫైలు మీద ఫైలు రాసే గొడవ ఏం చేసామంటే, ఎక్సెల్ అడగడం ఆపి మేమే అడిగేలా పెట్టుకున్నాం. సేవ్ చేసే ముందు ఆ పేరుతో ఫైలు ఉంటే ఆపి అడగాలి, తెలుగులో అడగాలి, నేను లేనప్పుడు షావుకారు గారి అబ్బాయి నొక్కుతాడు కదా. కుర్రాడు ఉత్సాహంగా తెలుగులో టైపు చేసాడు, నడిపితే డబ్బా నిండా ప్రశ్నార్థకాలే వచ్చాయి, ఒక్క అక్షరం లేదు. ఆ కోడ్ రాసే కిటికీకి తెలుగు రాదంట, మామూలు మెసేజ్‌బాక్స్‌కీ రాదంట. గంట తంటాలు పడి, మాట షీట్లో ఒక గడిలో తెలుగులో రాసి, యూజర్‌ఫామ్ అని వేరే డబ్బా తయారుచేసి అందులో చూపించాడు. "ఈ వారం కూలి ఫైలు ఆల్రెడీ ఉంది. అడ్వాన్సులు రాసేసి ఉంటే పోతాయి. చెరిపెయ్యనా?" కింద రెండు బటన్లు, ముందుగా వెలిగేది 'వద్దు'. 'చెరిపెయ్' నొక్కినా సరే, పాత ఫైలుని టైముతో పేరు మార్చి పక్క ఫోల్డర్లో పడేసాకే మాక్రో కొత్తది రాస్తాది.

మొన్న శనివారం షావుకారు గారు పక్కనే ఉండగా అది వచ్చింది. "ఏటమ్మా ఇది, డబ్బులు పోసి మాన్పించాం, మళ్ళీ అడుగుతోందేటి" అన్నారు. వద్దు నొక్కి, చిట్టా తీసి, నాలుగు అడ్వాన్సులు ఇంకా ఎక్కించాల్సినవి ఉంటే ఎక్కించాను.

వెళ్ళేవాళ్ళు మీ ఫైళ్ళు కాపీలే పట్టుకెళ్ళండి, అసలువి ఇంట్లో ఉంచుకోండి. పాపప్‌లు ఏవేవి వస్తున్నాయో ఫోన్లో ఫొటోలు తీసుకెళ్ళండి, అన్నీ ఆపెయ్ అనకండి, ఒక్కోదానికీ మీ జవాబు ఏదో మీరే చెప్పండి. బేరం ఆడండి, 500 తగ్గిస్తాడు.